నిగతు అడిగిన ప్రశ్నలు

పెదవులతో మాత్రమే చేసిన ప్రార్థన పైకి చేరుతుందా? ఈ అనుమానం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. తెల్లవారుజామున లేచి, తూర్పుకి తిరిగి నిలబడి, దావీదు కీర్తనల్లో ఆ రోజు భాగం చదువుతాను. నోరు చదువుతూనే ఉంటుంది. మనసు మాత్రం పెరట్లో జబ్బు చేసిన గొర్రె దగ్గరో, కారుతున్న పైకప్పు రేకు దగ్గరో ఉంటుంది. చివర ఆమెన్ అంటాను. పుస్తకాన్ని ముద్దు పెట్టుకుని మూస్తాను. అక్కడికి పూర్తయినట్టే. కానీ చేరినట్టేనా? ఒకసారి మా చర్చి గురువుగారిని అడిగితే, "పంపడం నీ పని బెయెనె, అందుకోవడం ఆయన పని" అని నా పేరు పెట్టి చెప్పారు. మంచి మాటే. అనుమానం మాత్రం పోలేదు.

నేను దుప్పట్ల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసి దిగిపోయినవాణ్ణి. పెద్దగా చదువుకోలేదు. కంప్యూటర్ల సంగతి అసలే తెలియదు. అయినా మా మరియమ్మ చర్చి ఆదివారపు బడిలో నాకొక కంప్యూటర్ పని ఉండేది. దాన్ని నాకు అప్పగించింది నిగతు.

నిగతు మా పక్కింటి జెనెబెచ్ అక్క కొడుకు. ఆమెకి ఒక్కడే. వాడు పాకే వయసులోనే తండ్రి పోయాడు. పెద్దయ్యాక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. బడి వదలగానే చిన్న రికార్డరు జేబులో వేసుకుని మా ఊరు దెబ్రె బెర్హాన్ చుట్టుపక్కల ముసలివాళ్ళ ఇళ్ళకి తిరిగేవాడు. వాళ్ళు చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తనలు, కరువు నాటి కబుర్లు, తమ వంశంలో పోయినవాళ్ళ పేర్లు, అన్నీ వాళ్ళ నోటితోనే చెప్పించి దాచేవాడు.

అతనికొక పద్ధతి ఉండేది. ఏం చెప్పాలో ముందే మాట్లాడుకునేవాడు. రికార్డరు నొక్కాక మాత్రం నోరు తెరిచేవాడు కాదు, చేత్తో సైగ చేసేవాడు. "నా గొంతు పడితే వాళ్ళ మాట మధ్యలో విరిగిపోతుంది గాషే. రేపు వాళ్ళ మనవలు వినేటప్పుడు నేనెందుకు అడ్డం?" అనేవాడు. మా వైపు పెద్దవాళ్ళని గాషే అనే పిలుస్తారు.

దాచిందంతా ఆదివారపు బడి ఆఫీసులో ఒక నల్ల పెట్టెలో ఉండేది. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత పెట్టె. లోపల డిస్కులు. దాని నుంచి గోడ వెంట వైర్లు వెళ్ళేవి. ఆ గదిలో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా పెట్టెలో ఉన్నది వినొచ్చు.

"ఒక్క చోటే ఉంటే ఉన్నట్టు కాదు గాషే" అని నిగతు ఒక రోజు అరచేతిలో ఇమిడే ఇంకో డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇక్కడ రేకు కారుతుంది. దొంగ పడొచ్చు. నకలు వేరే ఇంట్లో ఉండాలి. మీ ఇంటికి దొంగ రాడు, మీ గురక వీధి చివరిదాకా వినిపిస్తుంది."

ప్రతి శుక్రవారం ఆ డిస్కు ఆఫీసుకి తీసుకెళ్ళేవాణ్ణి. కంప్యూటర్‌కి తగిలించి, అతను చూపించిన బొమ్మ మీద నొక్కేవాణ్ణి. కాసేపటికి తెర మీద అక్షరాలు వచ్చేవి. పూర్తయింది, లోపాలు లేవు. దాన్ని ఇంటికి తెచ్చి, పోయిన నా భార్య సినిదు శాలువాలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేవాణ్ణి. వానొచ్చినా, కాలు నొప్పి చేసినా మానలేదు.

ఈ ఏడు వానలు వెనకబట్టాక నిగతుకి కామెర్లు వచ్చాయి. మెస్కెల్ పండగకి ఊరంతా మంటలు వేసుకుంటుంటే అతను ఆసుపత్రిలో ఉన్నాడు. మంటల బూడిద వీధుల్లో ఇంకా ఉండగానే అతన్ని చర్చి ఆవరణలో పూడ్చాం. జెనెబెచ్ అక్క గుండెలు బాదుకోలేదు. పలకరింపుల కోసం ఇంటి ముందు వేసిన గుడారంలో కూర్చుని వచ్చినవాళ్ళందరినీ, తిన్నారా, తిన్నారా అని అడిగింది.

అతను పోయిన నలభయ్యో రోజు ప్రార్థన దగ్గర పడుతుండగా ఒక పొద్దున్న నా గుమ్మంలోకి వచ్చింది.

"తమ్ముడూ, నీ దగ్గరున్న దాంట్లో వాడి గొంతు ఉంటుందా?"

"వాడు మాట్లాడేవాడు కాదు కదక్కా, సైగ చేసేవాడు."

"అందరి దగ్గరా అంతే. నా దగ్గర కుదరనివ్వలేదు. గోడకి చెప్పినట్టు ఆ మిషనుకి నేను చెప్పనురా, నువ్వు అడిగితేనే చెప్తానన్నాను. వానలు తగ్గే ముందు ఒక పూట ఇద్దరం కూర్చున్నాం. తర్వాతేమైందమ్మా, అప్పుడు నువ్వేం చేశావమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. నా మాటలు నాకెందుకు? అవి నాకు తెలిసినవేగా. వాడి ప్రశ్నలు చాలు."

అతని ఫోను ఆసుపత్రిలోనే ఎవరో కొట్టేశారు. పెళ్ళిళ్ళ వీడియోల్లో ఎప్పుడూ కెమెరా వెనకే ఉండేవాడు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. నేను వెంటనే ఉందక్కా, నా దగ్గర భద్రంగా ఉందన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆఫీసులో ఆ వారం నల్ల పెట్టె పనిచేయడం లేదు. కరెంటు చాలా రోజులు పోయి వచ్చాక ఎర్ర దీపం వెలిగించుకుని కీచుమని అరుస్తోందట. బడివాళ్ళు కంగారుపడలేదు. నకలు గాషే ఇంట్లో ఉందిగా అన్నారు. నేను డిస్కు తీసుకుని బస్టాండు దగ్గర కంప్యూటర్ల దుకాణం నడిపే మెక్లిట్ దగ్గరికి వెళ్ళాను. అక్క కూడా వచ్చింది.

మెక్లిట్ నిగతుతో కలిసి చదువుకున్న పిల్ల. నోరు పెద్దది, మనసు మంచిది. డిస్కు తగిలించి చూసింది. తీసి మళ్ళీ తగిలించింది. వైరు మార్చింది.

"గాషే, ఇందులో ఈ ఏటివి లేవు, నిరుటివి లేవు. అంతకు ముందేటివీ లేవు. అక్కడితో ఆగిపోయింది."

"అదెలాగమ్మా? ప్రతి శుక్రవారం పెట్టాను. పూర్తయిందని చెప్పింది."

"చెప్పింది సరే, మోసుకొచ్చిందా?"

"నిండిపోయిందేమో చూడు తల్లీ."

"సగం ఖాళీ. అచ్చం నా దుకాణంలా ఉంది." నవ్వబోయి అక్క మొహం చూసి ఆగింది. "కంగారుపడకమ్మా. అసలుది ఆ పెట్టెలో ఉంటుందిగా. పదండి, అక్కడే చూద్దాం."

ఆఫీసుకి వెళ్ళేసరికి కబురు ముందే చేరింది. వరండాలో నలుగురైదుగురు ముసలమ్మలు శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. తాయె అవ్వ అందరికన్నా ముందు ఉంది. ఆమె భర్త చర్చిలో కీర్తనలు పాడేవాడు, నిరుడు చలికాలంలో పోయాడు. ఆయన గొంతూ ఆ పెట్టెలోనే ఉంది.

మెక్లిట్ పెట్టె అరుపు ఆపింది. వైరు ఊడదీసి ఇంకోచోట గుచ్చింది. గోడ దగ్గరి వైరు ఎలుక కొరికిందేమోనని వేళ్ళతో తడుముతూ చివరిదాకా వెళ్ళింది. ఒక కంప్యూటర్ వదిలి ఇంకోదాని ముందు కూర్చుంది. చాలాసేపటికి తెర మీద పేర్ల వరస వచ్చింది. ఆమె దాన్ని చూసి ఫక్కున నవ్వింది.

"ఇవేం తేదీలు గాషే! ఈ లెక్కన నిగతూ నేనూ కాలేజీలో క్లాసులు ఎగ్గొట్టే రోజుల్లో ఇవన్నీ రికార్డు చేశాడన్నమాట." ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తల తిప్పి గోడ వైపు చూసింది. అక్కడ చర్చివాళ్ళ క్యాలెండర్ వేలాడుతోంది, ఉపవాసాలు, పండగలు గుర్తులు పెట్టి. "ఇక్కడ కరెంటు దెబ్బ ఎప్పుడైనా తగిలిందా?"

"ముందటేడు పిడుగు పడింది. పెట్టె కొన్నాళ్ళు మూగబోయింది. నిగతే బాగుచేశాడు" అన్నాను.

"అప్పుడే ఇది తేదీ మరిచిపోయి ఉంటుంది. వాడు కొత్తగా పెట్టాడు. మన తేదీ పెట్టాడు."

మా ఊళ్ళో ఎవరమైనా రెండు లెక్కలతో బతుకుతాం. పుట్టుక, బాప్తిస్మం, ఉపవాసం, సంత, అన్నీ మా సంవత్సరంలోనే. అది ఫరంగీల, అంటే తెల్లవాళ్ళ, సంవత్సరానికి ఏడెనిమిదేళ్ళు వెనక నడుస్తుంది. కంప్యూటర్లకి మాత్రం ఫరంగీ లెక్కే చెప్పాలి. ఆ సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"లెక్కల మాస్టరుకి తెలియకపోవడమేంటి?" అన్నాను.

"తెలియక కాదు" అంది అక్క. "కావాలనే పెట్టాడు. ఇంటికొచ్చి చెప్పాడు నాకు. అమ్మా, దేవుడి ఇంట్లో దేవుడి తేదీ పెట్టానివాళ అని. సంబరపడ్డాడు."

మెక్లిట్ కళ్ళు తుడుచుకుంది. "పిచ్చివాడు. ఇంటర్నెట్ ఉంటే అదే సరిదిద్దుకునేది. మనకది ఉండేదెప్పుడు!" తర్వాత నా వైపు తిరిగింది. "మీ తప్పేం లేదు గాషే. మీరు నొక్కే బొమ్మకి ఒక పద్ధతుంది. కిందటిసారి తర్వాత వచ్చిన కొత్తవి మాత్రమే మోస్తుంది. వీటి తేదీ చూసి, ఇవి ఏడేళ్ళనాటివి, ఎప్పుడో మోసేశాను అనుకుని వదిలేసింది. వదిలెయ్యడం దాని దృష్టిలో లోపం కాదు. అందుకే లోపాలు లేవంది."

 శాలువాలో చుట్టి అంత జాగ్రత్తగా దాచింది ఏమిటో నాకప్పుడు తెలిసింది.

"ఇప్పుడు నేరుగా చేత్తో తీస్తాను" అంది మెక్లిట్. మొదటిది రాలేదు. చదవలేకపోతున్నానని తెర చెప్పింది. రెండోసారి ప్రయత్నిస్తే వచ్చింది. తర్వాతది సగంలో ఆగింది. ఆమె పెట్టెకి చెవి ఆనించి విని మొహం చిట్లించింది. "లోపల రెండు డిస్కుల్లో ఒకటి ఎప్పుడో పోయింది. ఈ ఉన్నదీ ఆయాసపడుతోంది. ఎంతసేపు నడుస్తుందో చెప్పలేను. అమ్మా, నీ కొడుకు నీ దగ్గర చేసిందేది? అది ముందు తీసేస్తాను."

అక్క తెర వైపు చూడలేదు. వరండా వైపు చూసింది.

"వాడు ఏ వరసలో చేశాడో ఆ వరసలో తియ్యి."

"నీది చివర ఉందమ్మా!"

"తెలుసు. ఊరంతా అయ్యాకే ఇంటి మనిషి అన్నాడు."

"ఇదేమైనా పెళ్ళి బంతా అమ్మా, వరసలో వడ్డించడానికి? ఇది పోతే పోయినట్టే, మళ్ళీ రాదు."

"అక్కా, పట్టుదలకి పోకు" అన్నాను నేను కూడా. "ఎవరూ ఏమీ అనుకోరు."

"ఎవరూ అనుకోరు. నేననుకుంటాను. వాడు పెట్టిన వరస వాడు లేనప్పుడు నేను మార్చాలా? అదిగో తాయె కూర్చుంది. దాని మొగుడి గొంతు పోయి నా కొడుకుది నా దగ్గర ఉంటే రేపు గుళ్ళో దాని పక్కన ఎలా నిలబడను?"

మెక్లిట్ మౌస్ మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది. నేను తలూపితే చాలు, అక్కకి తెలియకుండా చివరిది ముందు లాగేసేది. అక్కకి చదువు రాదు. నేను కళ్ళు దించుకున్నాను. తలూపలేదు. అది మంచి పనో కాదో దేవుణ్ణి ఎన్నోసార్లు అడిగాను, జవాబు రాలేదు. తలూపి ఉంటే ఆ అబద్ధంతో ఆమె ఇంటి పక్కనే బతకాలి. ఊపకపోయినందుకు ఈ నిజంతో బతుకుతున్నాను.

వరసలోనే తీశాం. పెట్టె కాసేపు నడిచేది, ఆగిపోయేది. చల్లబడేదాకా ఆపి మళ్ళీ వెలిగించేవాళ్ళం. మెక్లిట్ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. అక్కే ఆమెకి పుల్లట్టులాంటి ఇంజెరా ముక్క చుట్టి నోట్లో పెట్టింది. "నమలకుండా మింగకు, నీ పెట్టెలా ఆగిపోతావు" అంది.

తాయె అవ్వ భర్తది వచ్చినప్పుడు మెక్లిట్ గట్టిగా పెట్టి వినిపించింది. ముసలాయన కీర్తన మొదలుపెట్టి, దగ్గి, మళ్ళీ మొదలుపెట్టాడు. తాయె అవ్వ తలుపు పట్టుకుని నిలబడి ఏడుస్తూ నవ్వింది. "ఆ దగ్గే! నలభై ఏళ్ళు నన్ను నిద్రపోనివ్వలేదు ఆ దగ్గు!" అంది. అక్క ఆమెని పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

ఎండ గోడ మీదికి ఎక్కేసరికి ఒక్కటి మిగిలింది. మెక్లిట్ సిలువ గుర్తు వేసుకుని నొక్కింది. తెర మీద గీత కొంచెం కదిలింది. పెట్టెలోంచి గోరుతో రేకు గీకినట్టు చప్పుడు వచ్చింది. ఎర్ర దీపం కూడా ఆరిపోయింది.

చల్లబరిచాం. వైర్లన్నీ మార్చాం. ఇంకో కరెంటు ప్లగ్గులో పెట్టాం. అది మళ్ళీ లేవలేదు. మర్నాడు మెక్లిట్ తన ఖర్చుతో బస్సెక్కి అడిస్ అబాబాలో ఇలాంటివి విప్పి చూసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు రోజులకి తిరిగొచ్చి నేరుగా అక్క ఇంటికే వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"లోపలి పళ్ళెం గీసుకుపోయిందమ్మా. ఆయన చూసి తల అడ్డంగా ఊపేశాడు." మెక్లిట్ నేల మీద కూర్చుండిపోయింది.

అక్క కాఫీ గింజలు వేయిస్తూనే ఉంది. అవి మాడుతున్నాయి. నేను పెనం దించాను.

"ఆఖరిది కొంచెం కదిలిందన్నావుగా" అంది చివరికి. "ఆ కొంచెంలో ఏముంది?"

"ఏమీ లేదమ్మా. పేరొక్కటే వచ్చింది. లోపల ఖాళీ."

"ఏం పేరు?"

మెక్లిట్ ఒళ్ళో కంప్యూటర్ తెరిచి డిస్కు తగిలించింది. "మిగతా వాళ్ళకి పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ రాశాడు. నీకు మాత్రం 'మా అమ్మ' అని రాశాడు."

"మళ్ళీ చదువు."

"మా అమ్మ."

అక్క తెర దగ్గరికి జరిగి, ఆ అక్షరాలు ఎక్కడున్నాయో చూపించమంది. మెక్లిట్ ఆమె వేలు పట్టుకుని వాటి మీద పెట్టింది. అప్పుడు ఏడ్చింది అక్క. గుడారంలో ఏడవని ఏడుపంతా ఆ పూట ఏడ్చింది. మేమిద్దరం ఆపలేదు.

నలభయ్యో రోజు ఊరంతా వచ్చి తిని వెళ్ళారు. ఆ తర్వాత అక్క ఇంటి పొయ్యి సరిగా వెలగలేదు. మా కోడలు ఏదైనా పట్టుకెళ్తే తినేది, లేకపోతే లేదు.

మా లెక్కలో హిదార్ నెల వచ్చింది. మరియమ్మ పేరున మాకొక సంఘం ఉంది. నెలకోసారి ఒకరింట్లో కలుస్తాం. ఎవరి వంతు వస్తే వాళ్ళు రొట్టె కాల్చి, తెల్లా అనే ఇంటి బీరు కాచి, అందరికీ వడ్డించాలి. ఆ నెల వంతు జెనెబెచ్ అక్కది. వంతు రోజు ఇంకా వారం ఉందనగా మా గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"తమ్ముడూ, నా వంతు ఒకటి నీ దగ్గరుంది కదా."

ఉంది. సినిదు పోయిన ఏడు నా వంతు వచ్చినప్పుడు నా ఇంట్లో పొయ్యి రాజేసే మనిషి లేదు, కోడలు ఇంకా రాలేదు. అక్క ఎవరికీ చెప్పకుండా తన పిండి తెచ్చుకుని మా ఇంట్లో రొట్టె కాల్చింది. ఆ పూట నా పేరునే నడిపించింది. తర్వాత ఆమె వంతు వచ్చిన ప్రతిసారీ నేను వెళ్ళి అడిగేవాణ్ణి. "నాకింకా చేతులున్నాయి, ఫో" అని తరిమేసేది. "నీ దగ్గరే ఉండనీ. నాకు చేతకానప్పుడు అడుగుతాలే."

"ఇప్పుడు ఇచ్చెయ్యి" అంది. "నావల్ల కావడం లేదు."

ఇన్నేళ్ళు తీర్చాలని ఎదురుచూసిన నాకే, ఆమె అడగకుండా ఉంటే బాగుండునని అనిపించింది.

ఉపవాస కాలం కాబట్టి వెన్న లేదు. అక్క ఇంట్లోనే నూనెతో షిరో, శనగపిండి కూర, వండాం. రొట్టె నేనే కాల్చాను, కోడలు వద్దన్నా వినలేదు. మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. తాయె అవ్వ మొదటి ముక్క కొరికి నా వైపు చూసింది.

"బెయెనె, దీన్ని కాల్చావా, మిల్లులో నేశావా?"

అందరూ నవ్వారు. అక్క పెదవి కూడా కదిలింది. తెల్లా కూజా బయటికి రాగానే ఆమె అలవాటు కొద్దీ వడ్డించడానికి సగం లేచింది. నేను భుజం మీద చెయ్యి వేశాను. కూర్చుంది. నేను వంగి ఆమె కప్పు నింపాను.

గురువుగారు రొట్టె మీద చెయ్యి ఉంచి అడిగారు. "ఈ నెల ఎవరింటిది?"

"జెనెబెచ్ అక్క ఇంటిది" అన్నాను.

అక్క కప్పు ఖాళీ చేసి, అంచు శాలువాతో తుడిచి, నా చేతికిచ్చింది.

"బెయెనె నాకు బాకీ ఉన్న వంతు ఇచ్చేశాడు గురువుగారూ" అంది. "ఇంక మా ఇద్దరి మధ్యా బాకీ ఏమీ లేదు."